ఎం.ఓ. ఒకటి

ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లక్క సీలేసి
నా ముందర పెట్టినారు.
"ఇది నువ్వు కుట్టిందేనా?"

చూసినా.
సగం కాలిన గుడ్డ.
కాలిందనేది వట్టి మాట. పాలిస్టర్ కాలదు,
కరిగి ముద్దయితాది,
నల్లగా, చింతగింజ మాదిరి గట్టిగా.
బూడిద కావల్లంటే నూలు కావల్ల.
నూలుకు రేటు కుదర్దని సేటు ఎప్పుడో మానిపిచ్చినాడు.

నా పేరు దూదేకుల హుసేనమ్మ.
రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతా.
జులై నెలాఖరుకు ప్యాంట్లు పక్కన పెట్టి
జెండాలు కుడతా, ఒకదానికి నాలుగు రూపాయలు.
ఏడాది పొడుగునా నా వేళ్లు నీలంగానే ఉంటాయి.
ప్రమాణం చెయ్యమని చెయ్యెత్తిచ్చినప్పుడు
వకీలు ఆ వేళ్లనే చూసినాడు.
తర్వాత నా పేరు ఇంకోసారి చదువుకున్నాడు.

తాడు దూర్చే మడత కాడ నేను రెండు కుట్లేస్తా.
ఎవురూ అడగరు. కూలీ ఏం ఎక్కువ రాదు.
మా పక్క గాలి ఊరికే ఉండదు,
కొండల మింద పంకాలు తిప్పే గాలి,
ఒక కుట్టయితే పది దినాలకే పీలికలు.
ఆ రెండు కుట్లూ ఉండాయి కవర్లో.
చక్రం ఉండాల్సిన చోట మాత్రం బొక్క.

బోనులో తిప్పేస్వామి.
ఎవురిదో అరువు చొక్కా, భుజాలు జారిపోతాండాయి.
పంకాల కంపెనీకి రోడ్డేసేటప్పుడు
పాసుపుస్తకంలో వాళ్లవ్వ పేరు పోయిందంట.
ప్రతి సోమవారం ఒక అర్జీ.
పదకొండు సోమవారాలు, పదకొండు రసీదులు.
పన్నెండో సోమవారం
తహశీల్దారాఫీసు మెట్ల మింద
అర్జీ తియ్యల్సిన జోబీలోంచి అగ్గిపెట్టె తీసినాడు.
పదకొండు కాగితాలకు తలెత్తనోళ్లు
ఒక్క మంటకు కుర్చీలిడిచి ఉరికొచ్చినారు.

నాకు కోపం లేదనుకోవద్దండి.
టీవీలో చూసిన రాత్రి నాకు అన్నం సయించలే.
వాని చేతి మింద రెండేట్లు వెయ్యల్లనిపించింది.
రెండేట్లు.
మూడేండ్లు కాదు.

ఇంకోటి కూడా చెప్పల్ల.
మా ఇంటెనక బడి హెడ్మాస్టరు, సుంకన్న సారు,
సెప్టెంబరొస్తే చినిగిన జెండాలు మూటగట్టి పెడతాడు.
రూలు పుస్తకంలో ఉందంట,
పాడైపోయినదాన్ని చాటుగా, మర్యాదగా కాల్చొచ్చని.
బడెనక గుంత తీసి, చెప్పులిడిచి,
కరిగేదాంకా ఇద్దరం నిలబడతాం.
వాసనకు సారుకు దగ్గొస్తాది. అయినా కదల్డు.
అదే గుడ్డ. అదే అగ్గిపెట్టె.
నడుమ ఒక గోడ.
ఆ గోడనే చట్టమంటారేమో, నాకు తెలీదు.
గోడ వద్దని నేను అనను.
ఈ పక్క మాట్లాడితే ఆ పక్కకు ఇనపడేట్టు
కిటికీ ఏమన్నా పెట్టినారా అని మాత్రం
తడుముకుంటా నడుస్తాండా.

"ఇది నువ్వు కుట్టిందేనా?" మళ్లీ అడిగినారు.

"కుట్టు నాదే సార్.
మంట పెట్టేటప్పుడు ఆ పిల్లోడు ఏమో అరుస్తాన్నాడు,
టీవీవోళ్లు సౌండు తీసేసినారు.
ఏమన్నాడో ఎవురన్నా రాసుకున్నారా?"

"అడిగినదానికే చెప్పమ్మా."

మిషను టకటకలాడింది.
కాగితం మింద ఒకటే ముక్క:
సదరు జెండా తాను కుట్టినదేనని సాక్షి ఒప్పుకొన్నది.
తిప్పేస్వామి నన్ను చూసినాడు.
కోపంగా కాదు, అదేమో
వరసలో తన ఎనక నిలబడినోళ్లను చూసినట్ల.
సంతకం పెట్టినా. పక్కన నీలం మరక పడింది.
దాన్ని ఎవురూ కొట్టేయలేదు.

బయటికొస్తే సేటు ఫోను:
ఈసారి మూడొందలు, శనివారానికి.

మడత కాడ ఇప్పుడు
మూడు కుట్లేస్తాండా.
ఎందుకని ఎవురూ అడగలేదు.